తల్లి తాబేటి చెంత ఒక రాత్రి

గత మాసమున ఈ పుటలో వేసవి దినముల నీటి పొదుపును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వంటయింటిని, పెరటిని కొంతసేపు విడిచి, మిమ్మునందఱను సముద్రతీరమునకు తోడ్కొని పోవలెనని నా కోరిక. అచ్చట నేను చూచిన యొక ప్రాణిని గూర్చి చెప్పెదను. దానియెడ నేను చేసిన తప్పును గూర్చియు చెప్పెదను. తప్పు చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. కాని ప్రేమచేత చేయు తప్పులు మన స్త్రీలలో అధికము గనుక, ఒకరి యనుభవము వేఱొకరికి పనికివచ్చునని వ్రాయుచున్నాను.

నాకు చిన్ననాటినుండి తాబేలనిన మిక్కిలి యిష్టము. మా అమ్మమ్మగారి యింట పెరటినూతిలో ఒక తాబేలుండెడిది. నీరు శుభ్రముగా నుండునని నూతిలో తాబేటిని విడుచు వాడుక ఆ దినములలో పెక్కిండ్ల నుండెడిది. మధ్యాహ్నవేళ గట్టుపై వంగి చూచినచో, పచ్చని నీటిలోనుండి చిన్న నల్లని తల యొకటి పైకి వచ్చి, క్షణము నిలిచి, మరల మునిగిపోయెడిది. అన్నపు మెతుకులు వేసి దానిని పిలుచుటయే నా ఆట. ఒకనాడు, "అమ్మమ్మా! దీని పిల్లలెక్కడ?" అని యడిగితిని. అందులకామె, "చేప చూపుతో పిల్లల్ని పెంచుతుంది. పిట్ట రెక్కల కింద పెట్టుకుని పెంచుతుంది. తాబేలు మాత్రం ఎక్కడో దూరాన ఉండి, తలచుకుంటూనే పెంచుతుందే, అమ్మడూ!" అని చెప్పినది. గురువుల యనుగ్రహము మూడు తెఱగులుగా నుండునని చెప్పుటకు పెద్దలు వాడు పోలిక యిది. ఆమె ఏ పురాణకాలక్షేపమునందో విని యుండును. అర్థము కాకపోయినను ఆ మాట నా మనస్సున నాటుకొని పోయినది.

ఇక అసలు సంగతికి వచ్చెదను. 2023వ సంవత్సరము ఫిబ్రవరి మాసము. మాకు ఒక్కతే కూతురు. జంతుశాస్త్రమున పట్టము పుచ్చుకొని, ఆ యేడు జూనులో పూనా నగరమునకు ఉద్యోగమునకై పోవలసి యుండెను. ఆ మాట స్థిరపడిన దినమునుండి నాకు కంటికి కునుకు లేదు. ఎచ్చట నుండును, ఏమి తినును, జ్వరము వచ్చిన నుదుట చేయి వేసి చూచువారెవ్వరు అని రాత్రులందు లెక్కలు వేయుచుంటిని. పైకి మాత్రము ఆవకాయ జాడీలు, దుప్పట్లు సర్దుచుంటిని. అది నన్ను కనిపెట్టియే కాబోలు, ఒకనాడు, "అమ్మా! నీకు తాబేళ్ళంటే ప్రాణం కదా, ఎన్నడైనా సముద్రపు తాబేలును చూశావా? నేను వెళ్ళేలోగా ఒకసారి ఋషికుల్యకు పోయివద్దాం" అన్నది.

మేము విశాఖపట్టణమున కాపురముందుము. మా వారికి సెలవు దొరకనందున మా వదినగారిని, అనగా వారి యక్కగారిని, తోడు పిలుచుకొని మువ్వురము బయలుదేఱితిమి. శ్రీకాకుళము వఱకు కారులో పోయి, దారిలో శ్రీకూర్మమును దర్శించితిమి. విష్ణువు కూర్మరూపమున పూజలందుకొను ఆ యాలయపు ఆవరణమున నక్షత్ర తాబేళ్ళను పెంచుదురు. వానికి ఆకుకూర వేసి చూచుచు వదినగారు చాలసేపు నిలిచిపోయిరి. పిదప ఆమదాలవలసయందలి శ్రీకాకుళము రోడ్డు స్టేషనులో రైలెక్కి బరంపురమున దిగి, అచ్చటినుండి గంజాము మీదుగా ఋషికుల్యానది సముద్రమున కలియు చోటికి చేరితిమి. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువఱకు గంజాము సీమ చెన్నపురి రాజధానిలో చేరియుండినదే. కావున బరంపురపు బజారులో నేటికిని తెనుగు వినబడుటలో వింత లేదు. సముద్రపు టొడ్డున వల వేయు జాలరులలోను తెనుగువారు పెక్కుమంది; వారిని అచ్చటివారు నోలియాలందురు.

ఈ తాబేటిని గూర్చి కొంత తెలిసికొన్నగాని మీదటి కథ రుచింపదు. మన తూర్పుతీరమున ఎక్కువగా కనబడు సముద్రపు తాబేలు ఆలివ్ రిడ్లే యనునది. ఆలివ్ కాయ రంగును బోలి, బూడిదయు ఆకుపచ్చయు కలసిన వన్నెతో పైచిప్ప యుండుటచే ఆ పేరు వచ్చినది. నిడివి రెండడుగులకు కొంచెము మించును. బరువు 35 మొదలు 45 కిలోగ్రాముల వఱకు తూగును. సముద్రపు తాబేళ్ళలో ఇది చిన్నజాతియే. దీని బ్రదుకంతయు నీటిలోనే గడచును. ఆడుది మాత్రము గ్రుడ్లు పెట్టుటకు గట్టునకు రాక తప్పదు. అదియు సామాన్యముగా తాను పుట్టిన తీరప్రాంతమునకే వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. భూమికి గల అయస్కాంతశక్తిని గుర్తుపట్టి దారి తెలిసికొనునని వారి యభిప్రాయము. పురిటికి పుట్టినింటికి వచ్చు ఆడుబిడ్డ నడవడివలె నున్నది కదా!

ఇందులో మఱియొక వింత కలదు. ఫిబ్రవరి, మార్చి మాసములలో కొలదిదినముల వ్యవధిలోనే లక్షలకొలది ఆడుతాబేళ్ళు ఒక్కుమ్మడిగా తీరమెక్కును. స్పెయిను భాషలో దీనిని "అరిబాద" యందురు. రాక యని యర్థము. ఇట్టి పెద్దరాక ప్రపంచమున మెక్సికో, కోస్టారికా మొదలగు కొన్ని తావులందు తప్ప కానరాదు. మన దేశమున ఒడిషా తీరమునందలి గహిరమథ 1974వ సంవత్సరమునను, ఋషికుల్య 1994వ సంవత్సరమునను శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినవి. 2025వ సంవత్సరము ఫిబ్రవరిలో ఋషికుల్య యొద్ద దాదాపు 7 లక్షల తాబేళ్ళు గ్రుడ్లు పెట్టినట్లు లెక్కించిరి. మఱికొన్ని యేండ్లు ఆ గుంపు రానేరాదు. తీరము బోసిపోయి యుండును.

మేము పోయిననాటికి గుంపు ఇంకను రాలేదు. దానికి ముందుగా ఒంటరిగా వచ్చు తాబేళ్ళు కొన్ని మాత్రము గట్టెక్కుచుండెను. గుంపు వచ్చు దినములలో కావలి మిక్కిలి గట్టిగా నుండును, అన్యులను చేరనీయరు. అది న్యాయమే. ఆ రాత్రి అటవీశాఖవారి యనుమతిపై, వారి కావలివాడొకడును, ఊరి జాలరి వృద్ధుడొకడును మమ్ము వెంటబెట్టుకొని నడిచిరి. అడుగు వేయుటకు ముందే కావలివాడు నాలుగు కట్టడులు చెప్పెను: దీపము వెలిగింపరాదు, దగ్గఱకు పోరాదు, ముట్టరాదు, తాను సైగ చేయువఱకు కదలరాదు. మేము మువ్వురము తల యూపితిమి. అందఱికంటె గట్టిగా తల యూపినదానను నేనే.

రాత్రి పదిగంటలు దాటినది. కృష్ణపక్షపు చంద్రుడు తెల్లవాఱుజామునకు గాని పొడవడు. చుక్కల వెలుతురున ఇసుక సన్నగా మెఱయుచుండెను. ఒక గంట నడచినపిమ్మట వృద్ధుడు చేయి చాచి మమ్ము నిలిపెను. ముందు కొంతదూరమున, తడి యిసుకపై నల్లని బండ యొకటి కనబడెను. ఆ బండ కదలినది! తెడ్లవంటి ముందుకాళ్ళను చాచి, ఇసుకలో గ్రుచ్చి, తన బరువునంతయు ముందుకీడ్చుకొని, నాలుగడుగులు ప్రాకి, నిలిచి, ఊపిరి తీసికొనినది. ఆ యూపిరి మాకు వినబడెను. నీళ్ళబిందె దించి చాపపై కూలబడిన ముసలమ్మ నిట్టూర్పువలె నుండెను. నీటిలో పక్షివలె తేలిపోవు ప్రాణికి నేలమీద తన మేనే తనకు మోయరాని బరువు.

అప్పుడు నాకేమైనదో చెప్పలేను. నలుబదియేండ్ల క్రిందట నూతిలో చూచిన ఆ చిన్నతల నా కన్నుల యెదుట నిలిచినది. దీని ముఖము చూడవలెను, కన్నులు చూడవలెను అను తమకము పట్టలేకపోతిని. చేతిలోని ఫోనుదీపమును నొక్కితిని. రెండు క్షణములు మాత్రమే, అంతకుమించి లేదు. తెల్లని వెలుగు దాని మోముపై పడినది. అది నిలిచిపోయినది. తల ప్రక్కకు త్రిప్పినది. పిదప మెల్లగా, ఎంత కష్టముతో ఎక్కివచ్చెనో అంత కష్టముతోను, వెనుకకు మఱలి సముద్రమువైపు ప్రాకసాగినది. కెరటమొకటి వచ్చి దానిని కప్పినది. ఇసుకపై దాని జాడ మాత్రము మిగిలినది.

"ఎంత పని సేసినారమ్మా!" అనెను వృద్ధుడు. "నీళ్ళాడ్డానికొచ్చిన తల్లి గదా!"

అతడు కోపపడలేదు; అందుచేతనే ఆ మాట గట్టిగా తగిలినది. వదినగారు, "పురుడు పోసుకునే గదిలోకి దీపం పట్టుకుని దూరినట్టయిందే, అమ్మాయ్!" అనిరి. మా అమ్మాయి ఏమియు ననక నా చేతినుండి ఫోను తీసికొని, దీపమాఱ్పి, తన సంచిలో వేసికొన్నది. రేపో మాపో, మఱియొకచోటనో అది మరల గట్టెక్కవచ్చునని కావలివాడు నన్నూరడించెను. కాని నూఱు గ్రుడ్లు కడుపున మోసికొని, అంతటి శ్రమకోర్చి వచ్చినదానిని ఉత్తచేతులతో పంపినది నేనే కదా! గ్రుడ్లు పెట్టనారంభించిన పిమ్మట తాబేలు ఒక విధమైన మైకమున నుండి తొందరగా బెదరదట. అంతకుముందు మాత్రము కొంచెపు వెలుగునకు, అలికిడికి తిరిగిపోవునట. ఇది ముందుగా తెలియదని తప్పించుకొనుటకు నాకు వీలులేదు. దీపము వెలిగింపరాదని ముందే చెప్పిరి.

ఇంటికి పోదమని నేననినను వారు వినలేదు. చలిగాలిలో ఇసుకమీద కూర్చుంటిమి. రాత్రి యొంటిగంట కావచ్చునప్పటికి, మాకు ఎడమప్రక్కగా మఱియొక తాబేలు గట్టెక్కినది. ఈమాఱు నేను చేతులు రెండును ఒడిలో పెట్టుకొని, ఊపిరి బిగబట్టి కూర్చుంటిని. అది పొడి యిసుకకు చేరి, ఒకచోట ముట్టెతో తడవి, నచ్చక, ఇంకను పైకి పోయి, మఱియొకచోట నిలిచినది. చాలసేపటికి కావలివాడు సైగ చేయగా, దాని వెనుకవైపుగా, అది చూడలేనిచోట, పొట్టపై పండుకొని చూచితిమి. అతని యొద్ద ఎఱ్ఱకాగితము చుట్టిన మసక దీపముండెను. దానినైనను వెనుకనుండి మాత్రమే పట్టెను.

అది గుంట త్రవ్వు నేర్పును ఏమని చెప్పుదును! తన కంటికి కనబడని గుంటను వెనుక కాళ్ళతోనే తడవి త్రవ్వును. కుడికాలిని చేటవలె వంచి చేరెడు ఇసుక తీసి ప్రక్కకు వేయును. పిదప ఎడమకాలితో చేరెడు. ఎచ్చటను తొందర లేదు. కాళ్ళకు అందినంత మేర, మూరెడు లోతున, కడవవలె మెడ సన్నముగను అడుగు వెడల్పుగను త్రవ్వినది. పిదప గ్రుడ్లు రెండేసి మూడేసి చొప్పున జాఱసాగినవి. తెల్లగా, గుండ్రముగా, పింగుపాంగు బంతులంతేసి యుండును. కోడిగ్రుడ్డువలె పెళుసు పెంకు గాక తోలువంటి మెత్తని పెంకగుటచే ఒకదానిపై నొకటి పడినను పగులవు. ఒక్కొక్క తాబేలు సుమారు 100 మొదలు 120 వఱకు పెట్టునట.

దాని కంటికొనలనుండి చిక్కని నీరు కాఱుచుండుట కొంచెము ప్రక్కకు జరిగినప్పుడు చూచితిని. నాకును కన్నీరు వచ్చినది. మా అమ్మాయి నా చెవిలో, "ఏడుపు కాదమ్మా! సముద్రపు నీరు తాగే ప్రాణి కదా, ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గర ఉన్న గ్రంథులలో నుంచి ఇలా బయటకు పంపుతుంది. నీళ్ళలో ఉన్నప్పుడూ ఇంతే, మనకు కనబడదు" అన్నది. శాస్త్రము సత్యమే కావచ్చును. కాని పురిటినొప్పులు పడిన యే స్త్రీయు ఆ నీటిని చూచి ఊరకుండలేదు.

గ్రుడ్లు పెట్టుట ముగియగానే కాళ్ళతో ఇసుకను గుంటలోనికి తోసి కప్పినది. పిదప మేనిని కుడికి ఎడమకు ఊపుచు, పొట్టచిప్పతో దబదబమని మోది ఆ చోటును గట్టిపఱచినది. రోట మినుములు దంచునట్టి ఆ చప్పుడు ఇసుకలోనుండి మా పొట్టలకు తగిలినది. అంతటితో విడువక, చుట్టుప్రక్కల యిసుకను ముందుకాళ్ళతో వెదజల్లి, గుంట యెచ్చట నున్నదో తెలియకుండ చేసినది. అటుపిమ్మట సముద్రమువైపు తిరిగి పోయినది. ఒక్కమాఱైనను వెనుకకు చూడలేదు.

నేను పట్టలేక, "ఎలా పోగలిగిందే! నూరు మంది బిడ్డల్ని ఇసుకలో పెట్టి, ఒక్కసారైనా చూడకుండా!" అంటిని.

మా అమ్మాయి కొంతసేపూరకుండి, "అది చేయవలసిందంతా చేసే వెళ్ళిందమ్మా. చోటు నచ్చకపోతే మార్చుకుంది. లోతు చూసుకుంది. గట్టిగా కప్పింది. ఇక్కడే కూర్చుంటే ఎండకు అదీ చస్తుంది, పిల్లలకూ ఉపయోగం లేదు" అన్నది. అది తాబేటిని గూర్చియే మాటలాడినదో, వేఱొకటి కూడ మనస్సున నుంచుకొన్నదో నేనడుగలేదు. వదినగారు మాత్రము నా భుజముపై చేయి వేసిరి.

ఆ గ్రుడ్లను పొదుగునది ఇసుకలోని వేడిమియే. 45 మొదలు 60 దినములలో పిల్లలగును. అందు ఆడుపిల్లలు పుట్టుటయు మగపిల్లలు పుట్టుటయు ఇసుక వేడిని బట్టి యుండును: వేడి హెచ్చిన ఆడువి, తగ్గిన మగవి. ఏటేట ఎండలు ముదురుచున్న యీ కాలమున ఆడుపిల్లలే మితిమీఱి పుట్టుదురేమోయని శాస్త్రజ్ఞులు కలవరపడుచున్నారు. రెండంగుళములైన లేని ఆ పిల్లలు రాత్రివేళ ఇసుకను తొలచుకొని పైకి వచ్చి, వెలుగుగా నున్న దిక్కునకు పరుగిడును. దీపములు లేని తీరమున ఆ వెలుగు సముద్రముపైనే యుండును. గట్టున వీథిదీపములున్నచో అటువైపే పోయి, కుక్కలకు, కాకులకు, బండిచక్రములకు ఆహుతియగును. వేయింటికి ఒకటి మాత్రమే పెరిగి పెద్దదగునని సామాన్యముగా చెప్పుదురు. బ్రదికినవి మరల గ్రుడ్లు పెట్టు యీడునకు వచ్చుటకు పది పదునైదేండ్లు పట్టును.

తెల్లవాఱిన పిమ్మట వృద్ధుని యింట మాకు టీ యిచ్చిరి. అతని కోడలు వాకిట ఎండుచేపలను తిరుగవేయుచుండెను. నవంబరు 1వ తేదీనుండి మే 31వ తేదీవఱకు ఆ నదీముఖము చెంత, సముద్రమున 20 కిలోమీటర్ల మేర, మరపడవల వేటను ప్రభుత్వమువారు నిషేధించియున్నారు. ఆమె భర్త మరపడవపై కూలికి పోవువాడు. ఆ యేడు మాసములు ఊరు విడిచి దూరదేశమున పని వెదకికొనునట. "తాబేలు మీద కోపం రాదా?" యని యడిగితిని. ఆమె చేప తిరుగవేయుట మానకయే, "కోపమెందుకమ్మా? దానికీ కడుపే, మాకూ కడుపే. దాని కడుపు కాసినోళ్ళు మా కడుపు కూడా సూడాల గదా!" అన్నది. ఇంతకంటె న్యాయమైన మాట నేనెచ్చటను వినలేదు. తాబేళ్ళను చూచి మురిసి వచ్చు మనము, వానికొఱకు ఎవరి పొయ్యి చల్లబడుచున్నదో కూడ తలచుకొనవలెను. తాబేళ్ళను కాచు శ్రమలో పాలు పంచుకొనునది ఆ పల్లెల యువకులే. పిల్లలు పుట్టు దినములలో దారితప్పిన వానిని బుట్టలలో నెత్తి సముద్రమున విడుచునదియు వారే.

సోదరీమణులారా! ఈ తల్లులు ఋషికుల్యకు మాత్రమే వచ్చునని తలపవలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, కాకినాడ, బాపట్ల మొదలగు మన తీరములందును ఏటేట ఒంటరిగా గట్టెక్కి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లలైన పిమ్మట సముద్రమున విడుచు పని మన తీరమునను జరుగుచున్నది. అయినను ఏటేట జనవరి, ఫిబ్రవరి మాసములలో చచ్చిన తాబేళ్ళు కెరటములతో గట్టునకు కొట్టుకొనివచ్చుట తీరవాసులందఱెఱిగినదే. తాబేలు నీటిలో నివసించినను మనవలె ఊపిరితిత్తులతోనే గాలి పీల్చును. పెద్దపడవలు ఈడ్చు వలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక చచ్చును. వలలో తాబేలు తప్పించుకొని పోవుటకు ద్వారమువంటి ఒక యమరిక కలదు. దానిని అన్ని పడవలవారును అమర్చుకొన్నచో ఎన్నియో ప్రాణములు దక్కును.

గృహిణులము మనము చేయదగినవి చిన్నపనులే. సముద్రపు టొడ్డున ఇల్లున్నవారు జనవరి మొదలు మే వఱకు రాత్రులందు సముద్రమువైపు దీపములు ఆఱ్పుట గాని, తెర వేయుట గాని చేయవలెను. వనభోజనములకు పోయినవారు ప్లాస్టిక్కు సంచులను తీరమున విడువరాదు. నీటిలో తేలు సంచిని తినెడి వస్తువని భ్రమపడి తాబేళ్ళు మ్రింగును. గ్రుడ్లు గాని, మాంసము గాని ఎవరైనను అమ్మజూపిన కొనరాదు; 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఈ తాబేలు పెద్దపులితో సమానముగ మొదటి పట్టికలో చేరియున్నది. గట్టెక్కిన తాబేలు కనబడినచో పిల్లలను దానిపై నెక్కింపక, దాని చెంత నిలిచి ఫోటోలు తీసికొనక, దూరముగా నిలిచి అటవీశాఖవారికి తెలుపవలెను. అన్నిటికంటె ముఖ్యము, నావలె దాని మోము చూడవలెనని దీపము పట్టరాదు.

మా అమ్మాయి జూనులో పూనాకు పోయినది. రైలు కదలునప్పుడు నేనేడ్వలేదని చెప్పను. మొదటి మాసములలో దినమునకు నాలుగుమాఱులు ఫోను చేసి, తిన్నావా, పండుకొన్నావా, ఎవరితోనున్నావు అని యడుగవలెనని చేయి లాగుచుండెడిది. ఫోను చేతికి తీసికొన్నప్పుడెల్ల ఆ రాత్రి వెలుగు, వెనుకకు మఱలిన ఆ తల్లి జాడ కన్నులకు కట్టెడివి. ఫోను క్రిందపెట్టి ఏదో యొక పని చూచుకొనెడిదానను. ఇప్పుడు ఆదివారమునాడు అదియే చేయును, గంటసేపు మాటలాడుకొందుము. నేనడుగనివన్నియు తానే చెప్పును!

2025వ సంవత్సరమున అది యొక వార్త వ్రాసినది. 2021లో గహిరమథ తీరమున గుర్తుబిళ్ళ తగిలించి విడిచిన తాబేలొకటి, ఆ జనవరిలో మహారాష్ట్రమునందలి గుహాగరు తీరమున గట్టెక్కి గ్రుడ్లు పెట్టినదట. తూర్పు సముద్రమునుండి పడమటి సముద్రమునకు వేల కిలోమీటర్లు ఈదుకొని పోయినదన్నమాట! పుట్టిన తీరమునకే వచ్చునను సామాన్యధర్మమును కూడ ఆ తల్లి కాదన్నది. "చూశావా అమ్మా, మన ఒడ్డు తాబేలు నా వెనకే ఈ దేశానికి వచ్చేసింది" అని అది చివర వ్రాసినది.

మా అమ్మమ్మ మాట నాకిప్పుడు కొంత తెలిసినట్లున్నది. తాబేలు తలపుతో పెంచుననుట శాస్త్రమునకు నిలువదు. పోయినది మరల ఆ గ్రుడ్లను తలచునో లేదో ఎవరికెఱుక! కాని ఆ తలపు పోయిన పిమ్మటిది కాదనియు, పోవుటకు ముందు త్రవ్విన మూరెడు గుంటలోను, మోది గట్టిపఱచిన యిసుకలోను నున్నదనియు నా కన్నులార చూచితిని. మన పిల్లలకు మనము చేయగలిగినదియు నంతియే కావచ్చును. తక్కినది సూర్యుని వేడిమికిని, వారి కాళ్ళ బలమునకును విడువవలెను.

వచ్చు మాసమున ఈ పుటలో, దూరదేశములకు పోవు పిల్లలకు చెడకుండ పంపదగిన పొడులను గూర్చి వ్రాసెదను. గుంట లోతుగా త్రవ్వుటలో అదియు నొక భాగమే కదా!